బరువు తగ్గించే శస్త్రచికిత్స నాకు పనిచేస్తుందా? సందేహాలు, వాస్తవాలు

న్యూఢిల్లీ: దక్షిణ ఢిల్లీలోని బేర్ సరాయ్ పేరులోనే సత్రం ఉంది. ఐఐటీ ఢిల్లీకి, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చేరువలో ఉన్న ఈ ప్రాంతం సివిల్ సర్వీసుల అభ్యర్థులకు నిజంగానే సత్రంగా మారింది. పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ కేంద్రాలు, ఇరుకు గదులు, డబ్బా భోజనాలు ఇక్కడి ఆనవాళ్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చిన యువతీయువకులు ఇక్కడ, పక్కనున్న జియా సరాయ్, కట్వారియా సరాయ్‌లలో అద్దెకు ఉంటూ ఏళ్ల తరబడి చదువుకుంటారు. రోజంతా కుర్చీకి అతుక్కుపోయే చదువు, వేళ తప్పిన తిండి, చాలని నిద్ర కలిస్తే శరీరం బరువెక్కడం వింత కాదు.

దేశంలో అత్యున్నత ప్రభుత్వ వైద్య సంస్థ అయిన ఎయిమ్స్ ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. బరువు తగ్గించే శస్త్రచికిత్సలు అక్కడ జరుగుతాయి. అయినా తీవ్ర స్థూలకాయంతో బాధపడుతున్న వ్యక్తికి ఆ కొద్ది దూరం చాలా పెద్దదిగా కనిపిస్తుంది. అడ్డుపడేది ఖర్చు, భయం మాత్రమే కాదు. ‘నడక, ఉపవాసం, జిమ్, ఆహార నియమాలు అన్నీ అయిపోయాయి. ఏదీ నిలవలేదు. ఇది మాత్రం నాకెలా పనిచేస్తుంది?’ అన్న సందేహమే చాలామందిని వెనక్కి లాగుతుంది. కోసి కుట్టించుకున్న తర్వాత కూడా విఫలమైతే ఇక మిగిలే దారేదన్నది దాని వెనుక దాగిన భయం.

ఇది బేర్ సరాయ్‌కు పరిమితమైన ప్రశ్న కాదు. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఢిల్లీలో 41.3 శాతం మహిళలు, 38 శాతం పురుషులు అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం. తెలంగాణలో వరుసగా 30.1, 32.3 శాతం. వీరిలో శస్త్రచికిత్స అవసరమయ్యేది కొద్దిమందికే. ఆ కొద్దిమంది తీసుకునే నిర్ణయానికి మాత్రం స్పష్టమైన సమాచారం కావాలి.

‘పనిచేయడం’ అంటే ఏమిటి?

సందేహం తీరాలంటే ముందు కొలమానం తెలియాలి. ఫలితాన్ని వైద్యులు రెండు రకాలుగా లెక్కిస్తారు. మొదటిది మొత్తం బరువులో తగ్గిన శాతం. రెండోది ‘అదనపు బరువు’లో తగ్గిన శాతం. బీఎంఐ 25 వద్ద ఉండవలసిన బరువు కంటే ఎక్కువగా ఉన్నదంతా ఇక్కడ అదనపు బరువు.

ఉదాహరణకు 165 సెంటీమీటర్ల ఎత్తు, 110 కిలోల బరువు ఉన్న వ్యక్తిని తీసుకుందాం. బీఎంఐ సుమారు 40. ఆ ఎత్తుకు బీఎంఐ 25 వద్ద ఉండవలసిన బరువు 68 కిలోలు. అంటే అదనపు బరువు 42 కిలోలు. శస్త్రచికిత్స తర్వాత ఈ వ్యక్తి 27.5 కిలోలు తగ్గి 82.5 కిలోలకు చేరితే, మొత్తం బరువులో తగ్గింది 25 శాతం. అదనపు బరువులో తగ్గింది దాదాపు 65 శాతం. ఫలితం ఒక్కటే, అంకెలు మాత్రం రెండు. ఆసుపత్రి ప్రకటనల్లో పెద్ద అంకె కనిపించినప్పుడు అది ఏ లెక్క ప్రకారమో అడగడం అవసరం.

ఇదే ఉదాహరణలో మరో సంగతి కూడా ఉంది. 82.5 కిలోల వద్ద ఆ వ్యక్తి బీఎంఐ ఇంకా 30 దగ్గరే ఉంటుంది. అద్దంలో సన్నగా కనిపించడమే లక్ష్యమైతే ఇది నిరాశ కలిగిస్తుంది. వైద్యపరంగా చూస్తే మంచి ఫలితం. రక్తపోటు, మధుమేహం, నిద్రలో శ్వాస ఆగడం, మోకాళ్ల నొప్పులు ఈ స్థాయి తగ్గుదలతోనే గణనీయంగా మెరుగుపడే అవకాశం ఉంది. ‘నాకు పనిచేయలేదు’ అన్న మాట వెనుక చాలాసార్లు శస్త్రచికిత్స వైఫల్యం కంటే ముందే పెట్టుకున్న అసాధ్యమైన లక్ష్యం ఉంటుంది.

ఓడింది సంకల్పమా, శరీరమా?

గత ప్రయత్నాలు విఫలమయ్యాయి కాబట్టి శస్త్రచికిత్సా విఫలమవుతుందన్న తర్కం సహజంగానే అనిపిస్తుంది. అయితే ఆ వైఫల్యాలకు కారణం క్రమశిక్షణ లోపమే అనుకోవడంలో పొరపాటు ఉంది.

బరువు తగ్గినప్పుడు శరీరం దాన్ని కరవు కాలంగా భావించి ఎదురుతిరుగుతుంది. ఆకలి పెంచుతుంది, శక్తి ఖర్చు తగ్గిస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన పురుషులపై జరిపిన అర్ధాకలి ప్రయోగంలోనే ఈ ప్రతిస్పందన స్పష్టంగా కనిపించింది. వారి ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరిగాయి, శరీరంలో శక్తి వినియోగం పడిపోయింది.

2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, పది వారాలు కఠిన ఆహార నియమం పాటించిన వారిలో ఆకలిని పెంచే హార్మోన్ల మార్పులు ఏడాది గడిచినా పూర్వస్థితికి రాలేదని తేలింది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో మరో అధ్యయనం వెలువరించారు. వారు కోల్పోయిన బరువులో చాలా భాగం తిరిగొచ్చింది. అయినా వారి శరీరాలు విశ్రాంతి సమయంలో ఖర్చుచేసే శక్తి ఉండవలసిన దానికంటే రోజుకు సగటున 500 కేలరీల మేర తక్కువగానే ఉంది.

ఈ దృష్టితో చూస్తే గత వైఫల్యాలు శస్త్రచికిత్స విఫలమవుతుందనడానికి సాక్ష్యం కాదు. ఏ అడ్డంకి వద్ద ఆహార నియమాలు ఓడిపోతున్నాయో, శస్త్రచికిత్స ప్రభావం చూపేది అక్కడే.

శస్త్రచికిత్స ఏం మారుస్తుంది?

నేడు ఎక్కువగా జరుగుతున్నవి రెండు రకాలు. మొదటిది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం వరకు తొలగించి, మిగిలిన భాగాన్ని అరటిపండు ఆకారంలో సన్నని గొట్టంలా ఉంచుతారు. రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని ఏర్పరచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మొదటి పద్ధతిలో తొలగించిన భాగాన్ని తిరిగి అమర్చడం సాధ్యం కాదు. రెండో పద్ధతిలో ఏ భాగాన్నీ బయటకు తీయరు. ఆహారం వెళ్లే దారిని మళ్లిస్తారు.

పొట్ట చిన్నదవుతుంది కాబట్టి తక్కువ తింటారన్నది పాత వివరణ, అది సగమే నిజం. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్న ఘ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ప్రధానంగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. స్లీవ్ పద్ధతిలో తొలగించేది ఎక్కువగా ఆ భాగాన్నే. రెండు పద్ధతుల్లోనూ ఆహారం చిన్నపేగును వేగంగా చేరడం వల్ల జీఎల్‌పీ-1 వంటి, కడుపు నిండిన భావన కలిగించే హార్మోన్లు పెరుగుతాయి. ఆహార నియమాలతో తగ్గినప్పుడు ఆకలి పెరుగుతుంది. శస్త్రచికిత్సతో తగ్గినప్పుడు, ముఖ్యంగా తొలి ఏడాదిలో, ఆకలి తగ్గుతుంది. అసలు తేడా ఇదే.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. లైపోసక్షన్ వేరు, బరువు తగ్గించే శస్త్రచికిత్స వేరు. చర్మం కింది కొవ్వును పీల్చి తీసే లైపోసక్షన్ అందానికి సంబంధించిన ప్రక్రియ. అది ఆకలిని గానీ, మధుమేహాన్ని గానీ మార్చదు. తెలుగు సినీ నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో మరణించినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారన్న వార్తలు వచ్చాయి. అటువంటి సందర్భాల్లో రెండు చికిత్సల పేర్లూ జనం నోట కలగలిసిపోతుంటాయి. ఒకదాని ముప్పును బట్టి మరొకదాన్ని అంచనా వేయడం సరికాదు.

దీర్ఘకాల అధ్యయనాలు ఏమంటున్నాయి?

అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ప్రవేశపెట్టిన నాటి నుంచి ఈ రంగంలో చాలా అనుభవం పోగుపడింది. అందులో విలువైనది 1987లో ప్రారంభమైన స్వీడన్ అధ్యయనం. సుమారు రెండు వేల మంది శస్త్రచికిత్స పొందినవారిని, దాదాపు అంతేమంది పొందనివారిని దశాబ్దాల పాటు గమనించారు. బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం వద్ద ఉంది. శస్త్రచికిత్స లేనివారి సగటు బరువు దాదాపు మారలేదు.

2020లో వెలువడిన విశ్లేషణ ప్రకారం శస్త్రచికిత్స పొందినవారి ఆయుర్దాయం పొందని స్థూలకాయుల కంటే సుమారు మూడేళ్లు ఎక్కువ. సాధారణ జనాభాతో పోలిస్తే మాత్రం ఇంకా అయిదేళ్లకు పైగా తక్కువే. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదివితేనే నిజం పూర్తవుతుంది. అది చీటీలు తీసి బృందాలను విడదీసిన ప్రయోగం కాదన్న పరిమితి కూడా ఉంది.

చీటీ పద్ధతిలో జరిగిన ఫిన్లాండ్ ప్రయోగంలో 240 మంది పాల్గొన్నారు. అయిదేళ్లకు స్లీవ్ బృందంలో అదనపు బరువులో 49 శాతం, బైపాస్ బృందంలో 57 శాతం తగ్గింది. పదేళ్లకు అవి 43.5, 50.7 శాతానికి చేరాయి. పైన చెప్పిన 110 కిలోల వ్యక్తి విషయంలో ఈ సగటులను అన్వయిస్తే, పదేళ్ల తర్వాత కూడా 18 నుంచి 21 కిలోల తగ్గుదల నిలిచి ఉన్నట్లు లెక్క.

సగటు వేరు, వ్యక్తి వేరు. ప్రతి అధ్యయనంలోనూ సగటు కంటే చాలా ఎక్కువ తగ్గినవారూ, చాలా తక్కువ తగ్గినవారూ ఉన్నారు. ‘నాకు’ పనిచేస్తుందా అన్న ప్రశ్నకు సగటు సమాధానం చెప్పలేదు, ఆశ ఎంతవరకు సమంజసమో మాత్రం చెబుతుంది.

మధుమేహం తగ్గుతుందా?

కొందరికి బరువు కంటే చక్కెర వ్యాధే ప్రధాన సమస్య. బీజేపీ నేత నితిన్ గడ్కరీ 2011లో, అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ 2014లో ఈ శస్త్రచికిత్స చేయించుకున్నప్పుడు దేశంలో దీనిపై చర్చ విస్తృతంగా జరిగింది. జైట్లీ విషయంలో మధుమేహ నియంత్రణే లక్ష్యమని అప్పట్లో వైద్యులు వెల్లడించారు.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మధుమేహం ఉన్న 150 మందిపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ విలువ 6 శాతం లేదా అంతకంటే తక్కువకు తేవడం లక్ష్యం. అయిదేళ్ల తర్వాత మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం, స్లీవ్ బృందంలో 23 శాతం, బైపాస్ బృందంలో 29 శాతం మంది ఆ లక్ష్యాన్ని చేరుకున్నారు. మందులతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. అదే సమయంలో, శస్త్రచికిత్స పొందిన ప్రతి పదిమందిలో ఏడుగురు ఆ కఠిన లక్ష్యాన్ని చేరలేదన్నదీ వాస్తవమే. వారిలోనూ చాలామందికి ఇన్సులిన్, ఇతర మందుల అవసరం తగ్గింది.

స్వీడన్ అధ్యయనంలో రెండేళ్లకు 72 శాతం మందిలో మధుమేహం ఉపశమించింది. పదేళ్లకు అది 36 శాతానికి తగ్గింది. అందుకే వైద్యులు ‘నయమైంది’ అనకుండా ‘ఉపశమించింది’ అంటారు. వ్యాధి తిరగబెట్టినా, మధ్యలో చక్కెర అదుపులో ఉన్న సంవత్సరాలు కళ్లకు, మూత్రపిండాలకు మేలు చేస్తాయి.

ఎవరిలో ఫలితం తగ్గవచ్చు?

శస్త్రచికిత్సకు ముందే ఒక వ్యక్తి ఫలితాన్ని కచ్చితంగా చెప్పగల పరీక్ష ఏదీ లేదు. కొన్ని సూచికలు మాత్రం ఉన్నాయి.

మధుమేహం విషయంలో ఇవి కొంత స్పష్టం. వ్యాధి వచ్చి ఎంతకాలమైంది, ఇన్సులిన్ వాడుతున్నారా, క్లోమంలో ఇన్సులిన్ తయారీ శక్తి ఎంత మిగిలింది అన్నవి కీలకం. వయసు, బీఎంఐ, సీ-పెప్టైడ్ పరీక్ష ఫలితం, వ్యాధి కాలం ఆధారంగా తైవాన్ వైద్యులు రూపొందించిన ‘ఏబీసీడీ’ అంచనా పద్ధతి ఈ సూత్రంపైనే పనిచేస్తుంది. మూడేళ్ల మధుమేహానికి, పదిహేనేళ్ల మధుమేహానికి ఒకే ఫలితం ఆశించలేం.

బరువు విషయంలో వంశపారంపర్యం పాత్ర ఉంది. బైపాస్ చేయించుకున్న దగ్గరి రక్తసంబంధీకుల్లో బరువు తగ్గుదల దాదాపు ఒకేలా ఉంటుందని, రక్తసంబంధం లేకుండా ఒకే ఇంట్లో ఉండేవారిలో అంత పోలిక కనిపించలేదని అమెరికా పరిశోధకులు 2011లో గుర్తించారు. అంటే తక్కువగా తగ్గిన ప్రతి వ్యక్తీ నియమాలు తప్పినవారే అనుకోవడం అన్యాయం.

అదుపు లేకుండా తినే అలవాటు, చికిత్స అందని కుంగుబాటు, మద్యం వ్యసనం ఉంటే ముందుగా వాటికి చికిత్స అవసరం. అందుకే మంచి కేంద్రాల్లో శస్త్రవైద్యునితో పాటు ఎండోక్రినాలజిస్టు, ఆహార నిపుణులు, మానసిక వైద్యులు కూడా పరీక్షిస్తారు. మానసిక వైద్యుని వద్దకు పంపడాన్ని అవమానంగా భావించవలసిన పని లేదు. అడ్డంకులను ముందే గుర్తించడమే దాని ఉద్దేశం.

మళ్లీ బరువు పెరిగితే?

చాలామందిలో అత్యల్ప బరువు ఒకటి, రెండేళ్ల మధ్య నమోదవుతుంది. ఆ తర్వాత కొంత పెరగడం సాధారణమే. కొన్ని కిలోలు తిరిగి రావడం వేరు, తగ్గిందంతా తిరిగి రావడం వేరు. రెండోది తక్కువమందిలోనే జరుగుతుంది. వైద్య పర్యవేక్షణ కొనసాగితే పెరుగుదలను తొలి దశలోనే గుర్తించి, ఆహార మార్పులు, మందులు, అవసరమైతే మరో శస్త్రచికిత్సతో అదుపు చేయవచ్చు. సిగ్గుపడి వైద్యుని వద్దకు వెళ్లడం మానేయడమే పెద్ద ప్రమాదం. స్థూలకాయం దీర్ఘకాలిక వ్యాధి. రక్తపోటు మళ్లీ పెరిగితే మాత్ర మార్చినట్లే, బరువు మళ్లీ పెరిగితే చికిత్స మార్చవలసి ఉంటుంది.

ముప్పులు ఏమిటి?

అమెరికాలో పది కేంద్రాల్లో 4,776 మందిని గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో శస్త్రచికిత్స జరిగిన 30 రోజుల్లో మరణాలు 0.3 శాతం. తీవ్ర సమస్యలు 4.3 శాతం మందిలో కనిపించాయి. కుట్లు వేసిన చోట లీకేజీ, రక్తస్రావం, కాళ్ల సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం వీటిలో ముఖ్యమైనవి. గుండె వేగం పెరగడం, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి చేరాలి. ఒంటరిగా అద్దె గదిలో ఉండే విద్యార్థులు తొలి వారాల్లో తోడుగా ఎవరైనా ఉండేలా చూసుకోవడం ఈ కారణంగానే అవసరం.

దీర్ఘకాలంలో స్లీవ్ చేయించుకున్నవారిలో ఛాతీలో మంట, పులితేన్పులు పెరగవచ్చు. ఫిన్లాండ్ ప్రయోగంలో పదేళ్లకు అన్నవాహిక వాపు స్లీవ్ బృందంలో 31 శాతం, బైపాస్ బృందంలో 7 శాతం మందిలో కనిపించింది. కాబట్టి ఇప్పటికే ఈ సమస్య తీవ్రంగా ఉన్నవారు ఏ పద్ధతి ఎంచుకోవాలో వైద్యునితో ప్రత్యేకంగా చర్చించాలి. బైపాస్ తర్వాత పొగతాగడం, కొన్ని రకాల నొప్పి మాత్రలు పుండ్లకు దారితీస్తాయి. మద్యం వేగంగా రక్తంలో చేరుతుంది. వేగంగా బరువు తగ్గడం వల్ల పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. జుట్టు రాలడం, చర్మం వదులుకావడం సాధారణం. పిల్లలు కావాలనుకునే మహిళలు శస్త్రచికిత్స తర్వాత కనీసం 12 నుంచి 18 నెలలు ఆగాలని వైద్యులు సూచిస్తారు. బరువు తగ్గాక గర్భధారణ అవకాశం పెరుగుతుంది కాబట్టి ఈ జాగ్రత్త మరింత ముఖ్యం.

కంచంలో వచ్చే మార్పు

తెలుగువారి భోజనంలో అన్నానిదే పెద్దపీట. శస్త్రచికిత్స తర్వాత ఆ వరుస తిరగబడాలి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరం. కొద్ది ముద్దలకే కడుపు నిండుతుంది కాబట్టి ముందు గుడ్డు, చేప, కోడిమాంసం, ముద్దపప్పు, పెసలు, పెరుగు, పనీర్ వంటివి, తర్వాత కూర, చివరికి అన్నం అన్న క్రమం పాటించాలి. శాకాహారులు ముందుగానే ఆహార నిపుణులతో ప్రణాళిక వేసుకోవడం మంచిది.

తొలి వారాల్లో ద్రవాలు, తర్వాత మెత్తని ఆహారం, ఆ పైన ఘనాహారం తీసుకోవాలి. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు. నెమ్మదిగా నమిలి తినాలి. బైపాస్ తర్వాత బొబ్బట్లు, పూతరేకులు, చెరకు రసం వంటి తీపి పదార్థాలు కొందరిలో గుండెదడ, చెమటలు, విరేచనాలు కలిగిస్తాయి. ‘మరో ముద్ద’ అంటూ కొసరి వడ్డించే ఇళ్లలో కుటుంబ సభ్యులకు కూడా ఈ మార్పు గురించి ముందే వివరించాలి.

బీ12, ఇనుము, కాల్షియం, డీ విటమిన్ వంటివి వైద్యుల సూచన మేరకు జీవితాంతం తీసుకోవాలి. ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. తరచూ వాంతులు అవుతుంటే థయమిన్ లోపం వచ్చి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. బరువు బాగా తగ్గి, ఈ మాత్రలు మానేసినవారి విషయంలో శస్త్రచికిత్స సగమే విజయవంతమైనట్లు.

అర్హత, బీమా

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల బృందం బీఎంఐ 40, లేదా అనుబంధ వ్యాధులుంటే 35 అన్న పరిమితిని నిర్దేశించింది. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు దాన్ని సవరించాయి. అనుబంధ వ్యాధులు లేకున్నా బీఎంఐ 35 ఉంటే శస్త్రచికిత్స సూచించవచ్చని, ఆసియా జనాభాకు 27.5 నుంచే దీన్ని పరిశీలించవచ్చని పేర్కొన్నాయి. తక్కువ బీఎంఐ వద్దే భారతీయుల్లో పొట్ట చుట్టూ కొవ్వు చేరి, మధుమేహం రావడం ఇందుకు కారణం.

బీమా నిబంధనలు మాత్రం పాత పరిమితికి దగ్గరగా ఉన్నాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రామాణీకరించిన మినహాయింపుల ప్రకారం స్థూలకాయ శస్త్రచికిత్సకు పరిహారం వర్తించాలంటే వైద్యుని సిఫారసు, 18 ఏళ్లు నిండిన వయసు, బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. బీఎంఐ 35 ఉంటే, తేలికపాటి చికిత్సలు విఫలమైన తర్వాత స్థూలకాయం వల్ల గుండె కండరాల వ్యాధి, గుండె రక్తనాళాల వ్యాధి, నిద్రలో తీవ్రంగా శ్వాస ఆగడం, అదుపులోకి రాని టైప్-2 మధుమేహంలో ఏదో ఒకటి ఉండాలి. వైద్యపరంగా అర్హత ఉన్నా బీమా వర్తించని పరిస్థితి ఎదురుకావచ్చు. ఆసుపత్రిలో చేరడానికి ముందే పాలసీ పత్రాన్ని చదివి, కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి పొందడం క్షేమం.

ఇంజెక్షన్లు వచ్చాక కోత అవసరమా?

2025 మార్చిలో టిర్జెపటైడ్, జూన్‌లో బరువు తగ్గడం కోసం ఉద్దేశించిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ భారత విపణిలోకి వచ్చాయి. ప్రధాన ప్రయోగాల్లో సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం, టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 72 వారాల్లో 20.9 శాతం బరువు తగ్గింది. శస్త్రచికిత్సకు భయపడేవారికి ఇది నిజమైన ప్రత్యామ్నాయమే.

అయితే సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్లు అదే ప్రయోగానికి కొనసాగింపుగా జరిగిన పరిశీలనలో తేలింది. అంటే ఈ మందులను దీర్ఘకాలం వాడవలసి రావచ్చు. బీఎంఐ బాగా ఎక్కువగా ఉన్నవారిలో శస్త్రచికిత్సదే ఇప్పటికీ పైచేయి. మందులు, శస్త్రచికిత్స ఒకదానికొకటి పోటీ కానవసరం లేదు. శస్త్రచికిత్స తర్వాత బరువు తిరిగి పెరిగినవారికి వైద్యులు ఈ మందులను సూచిస్తున్నారు.

నిర్ణయానికి ముందు అడగవలసినవి

శస్త్రవైద్యుని ముందు కూర్చున్నప్పుడు కొన్ని ప్రశ్నలు సూటిగా అడగవచ్చు. నా బరువు, నా వ్యాధుల దృష్ట్యా ఏ పద్ధతి తగినది, ఎందుకు? ఏడాదికి కాక, అయిదేళ్లకు మీ రోగుల ఫలితాలు ఎలా ఉన్నాయి? ఎంతమంది ఇంకా పరీక్షలకు వస్తున్నారు? సమస్య వస్తే అర్ధరాత్రి ఎవరిని సంప్రదించాలి? మందులు, విటమిన్లు, పరీక్షలకు ఏటా ఎంత ఖర్చవుతుంది? నేను ఊరు మారితే పర్యవేక్షణ ఎలా?

చివరి ప్రశ్న బేర్ సరాయ్ వంటి చోట్ల ఉండేవారికి మరీ ముఖ్యం. పరీక్ష నెగ్గితే శిక్షణకు, నెగ్గకపోతే సొంతూరికి, ఏదైనా ఢిల్లీ వదలవలసిందే. శస్త్రచికిత్స ఒక పూటలో ముగుస్తుంది, పర్యవేక్షణ జీవితాంతం ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఈ రంగం వైద్యులు ఉన్నారు. పత్రాలన్నీ వెంట ఉంచుకుని అక్కడ కొనసాగించే ఏర్పాటు ముందే చేసుకోవాలి. ప్రిలిమ్స్‌కు, మెయిన్స్‌కు మధ్య దొరికిన ఖాళీలో హడావిడిగా చేయించుకోవలసిన చికిత్స కాదిది.

‘నాకు పనిచేస్తుందా?’ అన్న ప్రశ్నకు నిజాయతీ గల సమాధానం ఇలా ఉంటుంది. చాలావరకు పనిచేసే అవకాశం ఉంది. ఎంత మేరకన్నది శరీరాన్ని బట్టి, వ్యాధుల వయసును బట్టి మారుతుంది. ఆ ఫలితం నిలవడానికి మాత్రలు, పరీక్షలు, ఆహారక్రమం ఆజన్మాంతం తోడుండాలి. గతంలో ఎన్నిసార్లు ఓడిపోయారన్నది ఈ లెక్కలో దాదాపు రాదు. వైద్యుని తొలిసారి కలిసినంత మాత్రాన శస్త్రచికిత్సకు ఒప్పుకున్నట్లు కాదు. పరీక్షలు చేయించుకుని, ప్రశ్నలు అడిగి, వద్దనుకుని తిరిగి రావడానికీ రోగికి పూర్తి హక్కు ఉంది. సందేహాన్ని గదిలో మోయడం కంటే, దాన్ని వైద్యుని ముందు పెట్టడమే మేలు.